మట్టిపెట్టెలు, మట్టిగుర్రాలు: నైజరు నది నుంచి పెన్న దాకా



ఎవరి పేరిట ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ మాస్టారు చరిత్ర పాఠాన్ని రాజుల వరసతో మొదలుపెట్టేవారు కారు. చేతిలో ఒక కుండపెంకు పట్టుకుని తరగతిలోకి వచ్చేవారు. పిల్లలెవరైనా పొలంలోనో ఏటిగట్టునో దొరికిన పెంకు తెచ్చిస్తే, అది ఎంత పాతదని వాళ్లు అడిగేలోపే ఆయన అడిగేవారు: ఎక్కడ దొరికింది, ఎంత లోతున ఉంది, దాని పక్కన ఇంకేముంది? ఆ మూడూ చెప్పలేకపోతే పెంకు తీసుకునేవారు కారు. ఆయన శిష్యుల్లో చాలామందికి ఇది గుర్తుండే ఉంటుంది. ఈ సాయంత్రం నేను చెప్పబోయేదంతా ఆ ప్రశ్నలకు సంబంధించిందే. చనిపోయినవాళ్ల కోసం మనుషులు మట్టితో ఏం చేశారు, ఆ మట్టిని తర్వాత వచ్చినవాళ్లు ఏం చేశారు అన్నదే విషయం. ముందు పశ్చిమాఫ్రికాకు వెళ్లి, అక్కణ్నుంచి మన నెల్లూరు తీరానికి వద్దాం.

నైజరు అనే దేశం సహారా ఎడారి దక్షిణపు అంచున ఉంది. దాని నైరుతి మూలన, అదే పేరున్న నది పారే తిల్లబేరి ప్రాంతంలో బురా అనే పల్లె ఉంది. 1975లో అక్కడ వేటకు వెళ్లిన ఒక కుర్రవాడికి రెండు మట్టితలలు దొరికాయి. ఎనిమిదేళ్లకు, 1983లో, రాజధాని నియామేలోని మానవీయశాస్త్రాల పరిశోధన సంస్థ తరఫున బూబె గాడో అనే పురావస్తు శాస్త్రవేత్త అక్కడ తవ్వకాలు చేపట్టారు. పెద్ద శ్మశానం బయటపడింది. వందల కుండలు మూతి కిందికి, అడుగు పైకి బోర్లించి గుంపులు గుంపులుగా ఉన్నాయి. కొన్ని పొడుగ్గా గొట్టాల్లాగా, కొన్ని గుండ్రంగా ఉన్నాయి. వాటి ఒంటి మీద పుల్లతో పొడిచిన చుక్కలు, గీసిన గీతలు, అచ్చు నొక్కిన అల్లికలు ఉన్నాయి. వాటితోపాటు ఇనుప బాణపు ములుకులు దొరికాయి. ఇంకా లోతుకు వెళితే మనిషి ఎముకలు. ఆ సంస్కృతి క్రీస్తుశకం 3వ శతాబ్దం నుంచి 11వ శతాబ్దం దాకా, కొందరి లెక్కన 13వ శతాబ్దం దాకా సాగింది.

బురాకు పేరు తెచ్చింది మాత్రం కుండల నెత్తిన నిలిచిన బొమ్మలు. బోర్లించిన కుండ అడుగు పైకి ఉంటుంది కదా, ఆ అడుగు మీద కొన్నిటికి తల, కొన్నిటికి మొండెం దాకా మనిషి, కొన్నిటికి గుర్రమెక్కిన మనిషి. తలలు చాలావరకు చదునుగా, పలకలాగా ఉంటాయి. కళ్లు సన్నని చీలికలు. నుదుటి మీదా బుగ్గల మీదా గీతలు, చుక్కలు. అవి పచ్చబొట్లో, చర్మం కోసి వేసుకున్న గుర్తులో, ఏవైనా కావచ్చు. రౌతు బొమ్మల్ని చూస్తే చేతులకు కడియాలు, మెడలో పూసలు, గుర్రం మూతికి కళ్లెం, నుదుట అలంకారం, అన్నీ మట్టిముద్దలు అతికించి ఒక్కొక్కటిగా చేసినవి. చేసినవాడు ముఖాన్ని రెండు మూడు గీతలతో తేల్చేశాడు. కళ్లేన్నీ కడియాన్నీ మాత్రం తీరిగ్గా కూర్చుని చేశాడు. ఈ తేడా నన్ను చాలా ఆలోచింపజేసింది. పోయిన మనిషిని ఆ ఊరు గుర్తుపట్టింది ముక్కూ మొహంతో కాదు, అతనికున్న గుర్రంతో, ఒంటి మీది నగలతో అని నాకనిపిస్తుంది. ఆ నేల మీద గుర్రాన్ని మేపగలగడం ఖరీదైన వ్యవహారం. గుర్రమున్నవాడు ఊళ్లో పెద్ద. అతని సమాధి మీద ఆ పెద్దరికాన్ని మట్టితో నిలిపారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ బొమ్మ విడిగా చేసిన శిల్పం కాదు. కుండ, కుండ మీది బొమ్మ, కుండ దగ్గరి బాణాలు, కింది ఎముకలు, ఇవన్నీ కలిస్తేనే ఒక మనిషి. బాణాలు రౌతు బొమ్మల దగ్గరే ఎక్కువా, ఆడవాళ్ల సమాధులకు ఎలాంటి కుండ పెట్టారు, పసిబిడ్డలకు ఏం చేశారు అనే ప్రశ్నలకు జవాబు కావాలంటే ఆ నాలుగూ ఒక్కచోట ఉండగా చూడాలి. బొమ్మను విరిచి పట్టుకుపోతే మిగిలేది గాజుపెట్టెలో పెట్టుకునే అందమైన వస్తువు ఒక్కటే.

జరిగింది సరిగ్గా అదే. 1993లో పారిస్‌లో నైజరు లోయల మీద ఒక పెద్ద ప్రదర్శన పెట్టారు. తర్వాత అది ఇతర దేశాలకూ వెళ్లింది. మంచి ఉద్దేశంతో, పండితుల చేతుల మీదుగా జరిగిన పనే. కానీ బురా బొమ్మల్ని కళ్లారా చూసిన సంపన్న సేకర్తలకు అవి తమ ఇళ్లలో ఉంటే బాగుండుననిపించింది. గిరాకీ పుట్టింది. దళారులు పల్లెలకు చేరారు. వానలు లేక పంట పోయిన రైతులు పలుగు, పార పట్టుకుని శ్మశానాలు తవ్వారు. ఒక్కో గుంటకు వాళ్లకు దక్కింది కొద్దిపాటి డబ్బు, యూరప్ సంతలో ఆ బొమ్మకు పలికింది దానికి ఎన్నో రెట్లు. ఆ చుట్టుపక్కల శ్మశానాల్లో అత్యధిక భాగం ఇలా పాడైపోయాయి. 2000లో అంతర్జాతీయ మ్యూజియంల మండలి కొనకూడని, అమ్మకూడని ఆఫ్రికా పురావస్తువుల ఎర్రజాబితా ప్రకటించినప్పుడు అందులో బురా బొమ్మలు, నైజీరియాలోని నోక్ బొమ్మలు, మాలీలోని జెన్నె బొమ్మలు ఉన్నాయి. 2006లో నైజరు ప్రభుత్వం బురాను ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో చేర్చింది. అప్పటికి తవ్వేయాల్సినంతా తవ్వేశారు.

నోక్ కథలో కాస్త ఊరట ఉంది. 1943లో నైజీరియాలో తగరపు గనుల దగ్గర దొరికిన ఒక మట్టితలను గని గుమాస్తా ఒకాయన ఇంటికి తీసుకెళ్లి, పెండలం తోటలో దిష్టిబొమ్మకు తలగా పెట్టాడు. అది అక్కడ ఏడాదిపాటు పిట్టల్ని తోలింది. చివరికి బెర్నార్డ్ ఫాగ్ అనే అధికారి దృష్టిలో పడింది. గనుల్లో పనిచేసేవాళ్లందరికీ ఆయన ఏది దొరికినా తెచ్చి చూపించమని చెప్పాడు, తెచ్చినవాళ్లను గౌరవించాడు, ఏ గనిలో ఏ పొరలో దొరికిందో రాసుకున్నాడు. రెండువేల ఏళ్లు దాటిన ఒక సంస్కృతి అలా వెలుగులోకి వచ్చింది. పెద్ద పరికరాలేమీ లేవు. పనివాళ్లతో మంచిగా మాట్లాడే ఒక అధికారి, ఒక నోటు పుస్తకం, అంతే.

ఇక మన నేలకు వద్దాం.

దక్షిణ భారతంలో ఇనుపయుగపు సమాధులు వేల సంఖ్యలో ఉన్నాయి. తెలుగువాళ్లు వాటిని రాక్షసగుళ్లు, రాకాసిగుళ్లు, పాండవగుళ్లు అంటారు. గుండ్రంగా పెద్ద బండరాళ్లు పేర్చి, మధ్యలో గొయ్యి తీసి గాని, రాతిపలకలతో గది కట్టి గాని పోయినవాళ్ల ఎముకలు, కుండలు, ఇనుప కత్తులు, గొడ్డళ్లు పెట్టేవారు. ఇవి ఎక్కువగా క్రీస్తుపూర్వం మొదటి సహస్రాబ్దివి. రాతి సమాధుల గురించి మనకు ఎంతో కొంత తెలుసు, పాఠ్యపుస్తకాల్లో బొమ్మలూ ఉన్నాయి. వాటి లోపల ఉన్న మట్టిపెట్టెల గురించి మాత్రం మనం చాలా తక్కువ మాట్లాడుకున్నాం. నాకు ఆశ్చర్యంగానూ ఉంటుంది, బాధగానూ ఉంటుంది.

మద్రాసు పక్కన పల్లావరం ఉంది. 1863లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ ఆ ఊరి గరపనేలలోనే పాతరాతియుగపు గొడ్డలిని గుర్తుపట్టాడు. భారతదేశ పూర్వచరిత్ర అధ్యయనం మొదలైంది అక్కడే. అదే ఊళ్లో 1880ల చివర్లో అలెగ్జాండర్ రే ఒక మట్టి శవపేటికను వెలికితీశాడు. తర్వాత చెంగల్పట్టు ప్రాంతమంతా ఇలాంటివి దొరుకుతూనే వచ్చాయి. స్వాతంత్ర్యం వచ్చాక పురావస్తు శాఖ 1950, 1952లలో సానూరులోనూ, 1955 తర్వాత కున్నత్తూరులోనూ శాస్త్రీయంగా తవ్వింది. రాళ్ల వలయం కింద గొయ్యి, గొయ్యిలో కాళ్లున్న మట్టిపెట్టె, పెట్టెలో ఏరి తెచ్చి పెట్టిన ఎముకలు, చుట్టూ నలుపు ఎరుపు కుండలు.

ఆ పెట్టెను దగ్గరగా చూడండి. తొట్టి లాంటి ఆకారం, అంచులు గుండ్రం. కింద పొట్టి కాళ్లు వరసలు వరసలుగా ఉంటాయి. కాళ్లు లోపల బోలు. గట్టి ముద్దగా చేస్తే కాల్చేటప్పుడు లోపలి తడి ఆవిరై పగిలిపోతుందని కుమ్మరికి తెలుసు. ఇంత పెద్ద వస్తువు సారె మీద తిరగదు. మట్టిలో ఇసుక, పొట్టు కలిపి, ముద్దలు పేర్చుకుంటూ చేత్తో గోడ లేపాలి. లోపల రాయి ఆనించి బయట చెక్కతో తట్టి గోడను సమం చేయాలి. నీడన రోజుల తరబడి ఆరనివ్వాలి. ఒకపక్క ముందు ఆరితే చీలుతుంది. ఆ తర్వాత ఆవంలో కాల్చాలి. పెట్టె మొత్తాన్ని ఒకే వేడికి తేవడం ఎంత కష్టమో ఇప్పటికీ గోలేలు చేసే మన కుమ్మరులను అడిగితే చెబుతారు. పైగా ఇది ఇంట్లో వాడుకునేది కాదు. ఒక్కసారి భూమిలో పెట్టాక మళ్లీ ఎవరూ చూడరు. చూడని దానికోసం అంత శ్రద్ధ పెట్టారు.

నలుపు ఎరుపు కుండల సంగతీ అంతే. ఇనుము కలిసిన మట్టికి గాలి బాగా తగిలేలా కాలిస్తే ఎర్రబడుతుంది, గాలి అందకపోతే నల్లబడుతుంది. కుండను బోర్లించి మూతిని బూడిదలోనో పొట్టులోనో కప్పి కాలిస్తే లోపలివైపు, మూతి అంచు నలుపు, బయట అడుగుభాగం ఎరుపు. ఒకే మంటలో రెండు రంగులు తెచ్చారు. దక్షిణాదిలో ఇనుపయుగపు సమాధి ఏది తెరిచినా దాదాపుగా ఈ కుండ కనిపిస్తుంది.

వెలిగొండలకు అవతల, కడప జిల్లా శంకవరంలో దొరికిన మట్టిపెట్టె ఈ కథలో నా మనసుకు అన్నిటికన్నా దగ్గరైంది. అది ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. మిగతావి తొట్లు. ఇది జంతువు. తల ఉంది, ఒళ్లు ఉంది, ఒంటి కింద నాలుగు కాళ్లు కాదు, పెట్టె బరువు మోయడానికి కావలసినన్ని కాళ్లు బారులు తీరి ఉన్నాయి. పోయినవాడి ఎముకల్ని ఆ జంతువు కడుపులో పెట్టి పంపించారు. ఎక్కడికి పంపించారో, ఆ జంతువు వాహనమో, కులదైవమో, మందలోని ఇష్టమైన జీవమో, రాతలో ఎవరూ చెప్పిపోలేదు. నైజరు తీరపు రౌతునూ మన శంకవరం జంతువునూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి కనిపిస్తుంది. ఈ రెండు నేలల మధ్య రాకపోకలున్నాయని నేను అనడం లేదు. కాలం వేరు, దారి వేరు, నమ్మకాలు వేరు. కానీ పోయినవాణ్ని నాలుగు కాళ్ల తోడు లేకుండా పంపడం ఇద్దరికీ మనసొప్పలేదు. చెంగల్పట్టు నుంచి పుదుక్కోట దాకా అయ్యనార్ గుళ్ల ముందు కుమ్మరులు ఇప్పటికీ చేసి నిలబెట్టే మట్టిగుర్రాలను చూసినప్పుడు ఆ పాత చేతులు ఇంకా పనిలోనే ఉన్నాయనిపిస్తుంది. దీన్ని రుజువు చేయలేను, నా అభిప్రాయంగానే చెబుతున్నాను.

ఇంకా దక్షిణాన తామ్రపర్ణి ఒడ్డున ఆదిచ్చనల్లూరు. 1876లో జాగోర్ అనే జర్మన్ పండితుడు, 1899 నుంచి రే, మళ్లీ 2004లో పురావస్తు శాఖవారు అక్కడ తవ్వారు. నూటయాభైకి పైగా సమాధి బానలు ఆ 2004 తవ్వకంలోనే బయటపడ్డాయి. ఒక పెంకు మీద మట్టి అతికించి చేసిన చిన్న బొమ్మల వరస ఉంది: సన్నగా పొడుగ్గా ఉన్న ఒక స్త్రీ, నిలబడి ఉన్న వరికంకులు, ఒక కొంగ, ఒక లేడి, ఒక మొసలి. ఆ ఐదింటిలో ఒక ఏటిగట్టు మొత్తం ఉంది. పెన్న ఒడ్డున పెరిగినవాళ్లకు ఆ కొంగను, ఆ వరిమడిని ఎవరూ పరిచయం చేయనక్కర్లేదు. తమిళ సంగ సాహిత్యంలోని పురనానూరులో ఒక కవిత ఉంది. భర్త చనిపోయిన స్త్రీ కుమ్మరితో మాట్లాడుతుంది, బానను తనకు కూడా చోటుండేంత వెడల్పుగా చేయమంటుంది. తవ్వకాల్లో దొరికిన బానకు, దాని ముందు నిలబడి ఏడ్చిన మనిషికి మధ్య మనకు మిగిలిన వంతెన అదొక్కటే.

ఇప్పుడు పటం తెరవండి. దక్షిణాన చెంగల్పట్టు, పడమర కడప. ఈ రెంటి మధ్య ఉన్నది మన నెల్లూరు సీమ. సముద్రం, పులికాట్, పెన్న, స్వర్ణముఖి, చెరువుల కింద మాగాణి, చెరువుల పైన గరపనేలలు. ఇనుపయుగపు జనం సేద్యం సాగే మాగాణిని వదిలి, పంట పండని గరప మెరకల మీద సమాధులు కట్టుకున్నారు. చెంగల్పట్టులో అదే చూస్తాం. మన దగ్గర అలాంటి మెరకలకు కొదవ లేదు. ఆ గరప ఇప్పుడు ఎక్కడికి పోతోందో కూడా మీకు తెలుసు. రోడ్డుకు, లేఅవుటుకు, రొయ్యల గుంటల గట్లకు. ట్రాక్టర్లలో, టిప్పర్లలో. జేసీబీ తొట్టి ఒక్క ఊపులో తీసే లోతులోనే ఈ సమాధులు ఉంటాయి. నడిపేవాడికి మట్టిపెట్టె తగిలితే ఒక చిన్న కుదుపు, అంతే. గరపతోపాటు పెంకులూ రోడ్డు కిందికి వెళ్లిపోతాయి.

రెండో ప్రమాదం గుప్తనిధుల వేట. రాళ్ల వలయం కింద బంగారం ఉంటుందని నమ్మించి, ముహూర్తం పెట్టి, అర్ధరాత్రి తవ్వేవాళ్ల వార్తలు పత్రికల్లో చూస్తూనే ఉన్నాం. ఇనుపయుగపు సమాధిలో దొరికేవి చాలావరకు కుండలు, ఇనుప పనిముట్లు, ఎముకలు, కాసిని పూసలు. వేటగాళ్లకు అవి పనికిరావు, కోపంతో పగలగొట్టి పోతారు. బురాలో బొమ్మకు విలువ ఉందని తెలిసి తవ్వారు, మన దగ్గర విలువ తెలియక పగలగొడుతున్నారు. నష్టం ఒకటే.

నిజంగా బంగారం దొరికిన సందర్భం మన నెల్లూరుకే ఉంది, అదీ విని చూడండి. మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ 1787లో రాసిన లేఖ ఏషియాటిక్ రిసెర్చెస్ రెండో సంపుటంలో అచ్చయింది. నెల్లూరు దగ్గర రాళ్లగుట్ట పక్కన ఒక రైతు దున్నుతుంటే నాగలికి ఇటుకల కట్టడం అడ్డుపడింది. తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద ఒక చిన్న కుండ, కుండ నిండా రోమన్ బంగారు నాణేలు. ట్రాజన్, హాడ్రియన్, ఫౌస్టినా పేర్లున్నవి, అంటే 2వ శతాబ్దానివి. రైతు వాటిని పాతబంగారం కింద అమ్మాడు. చాలావరకు కరిగించేశారు. ఆర్కాటు నవాబు కొడుకు అమీరుల్ ఉమ్రా ముప్పైకి పైగా నాణేలను దక్కించుకున్నాడు. కొన్నిటికి చిల్లులున్నాయి, నగలుగా వేసుకున్నట్టు. కొన్ని కొత్తగా ముద్ర కొట్టినట్టు మెరిశాయట.

ఆ రైతును నేను తప్పుపట్టను. అతనికి దొరికింది బంగారం, అతని ఇంట్లో అవసరాలు ఉన్నాయి. కానీ ఆ కుండ ఎలాంటిది? గుడి ఏ కాలపుది? ఇటుక కొలత ఎంత? నాణేలు గుడికంటే ముందువా, గుడి కట్టినప్పుడు పెట్టినవా? ఏ గుట్ట, ఏ ఊరు? రోమ్‌తో మన తీరానికి ఉన్న వ్యాపారాన్ని గురించి పుస్తకాలు రాసే ప్రతివాళ్లూ నెల్లూరు నాణేల పేరెత్తుతారు, ఒక్క వాక్యం రాసి ముందుకు వెళ్లిపోతారు. అంతకు మించి రాయడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి.

దీనికి ఎదురుగా కొత్తపట్నం చూడండి. మన తీరంలోనే, కోట దగ్గర. 1990ల చివర్లో భారత జపాన్ పండితులు అక్కడ తవ్వితే దొరికినవి చైనా పింగాణి పెంకులు. బంగారం కాదు, పగిలిన పాత్రలు. కానీ ఏ గుంటలో, ఏ పొరలో, దేని పక్కన అనేది రాశారు. దాంతో 13, 14 శతాబ్దాల్లో ఈ తీరానికి చైనా ఓడల సరుకు వచ్చేదని ధైర్యంగా చెప్పగలుగుతున్నాం. నెల్లూరు బంగారం మనకు చెప్పలేకపోయినదాన్ని కొత్తపట్నం పెంకులు చెప్పాయి.

చట్టం సంగతి క్లుప్తంగా. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో పది రూపాయల విలువ మించినదేది దొరికినా కలెక్టరుకు తెలపాలి. 1972 పురావస్తువుల చట్టం వాటిని దేశం దాటించడాన్ని నేరం చేసింది. చట్టాలు చాలినన్నే ఉన్నాయి. కావలసింది తవ్వేచోట ఉన్న మనిషికి తెలియడం. గని పనివాళ్లతో ఫాగ్ చేసిన పని అది. మన దగ్గర జేసీబీ డ్రైవరుతో, ట్రాక్టరు యజమానితో, ఉపాధి హామీ కూలీలతో, చెరువు పూడిక తీసే మేస్త్రీతో ఎవరో ఒకరు కూర్చుని మాట్లాడాలి. నలుపు ఎరుపు పెంకు ఇదిగో ఇలా ఉంటుంది, పొట్టి మట్టికాలు ఇలా ఉంటుంది, గుండ్రంగా పేర్చిన రాళ్లు ఇలా ఉంటాయి, కనిపిస్తే ఒక్క పూట ఆపండి అని చెప్పాలి. వాళ్లను దొంగల్లా చూస్తే ఎవరూ చెప్పరు. ఆపినందుకు కూలి పోతుందంటే అసలే చెప్పరు. ఆ ఒక్కపూట కూలి ఇవ్వడానికి మనం సిద్ధంగా ఉండాలి.

అందుకే నిర్వాహకులకు ఒక ప్రతిపాదన చేస్తున్నాను. ఈ స్మారకనిధి మీద ఏటా వచ్చే వడ్డీలో కొంత ఉపన్యాసానికి కాకుండా నడకకు కేటాయించండి. వేసవి సెలవుల్లో కళాశాల విద్యార్థులు ఇద్దరిద్దరుగా ఒక్కో మండలంలోని గరప గుంటల్ని, చెరువు కట్టల్ని, ఊరి వెలుపలి మెరకల్ని నడిచి చూడాలి. రాళ్ల వలయం ఉంటే అడుగుల్లో కొలత, పెంకులు పైన కనిపిస్తే పక్కన స్కేలు పెట్టి ఫొటో, ఊరి పేరు, సర్వే నంబరు, ఆ చోటును ఊళ్లో వాళ్లు ఏమని పిలుస్తారో ఆ పేరు నోటుపుస్తకంలో రాయాలి. తవ్వకూడదు, పెంకు జేబులో వేసుకోకూడదు. ఒక ప్రతి తహసీల్దారుకు, ఒకటి రాష్ట్ర పురావస్తు శాఖకు, ఒకటి ఊరి బడికి. గూడూరు వైపు నుంచి మొదలుపెట్టమంటాను, గరప తోలకం అక్కడ జోరుగా ఉంది. మొదటి ఏడాది ఖర్చులో నా వంతు ఈ సాయంత్రమే కోశాధికారి గారికి అందజేస్తున్నాను.